నాణేల పత్రికలు: చందాలు, సభ్యత్వాలు, ఉచిత ప్రతులు

నాణేలు సేకరించేవారి కోసం వెలువడే సంఘాల సంచికలు, వార, మాస పత్రికలు, డీలర్ల జాబితాలు, వేలం కేటలాగులు, ధరల పట్టికలు అన్నీ నాణేల సాహిత్యం కిందికే వస్తాయి. ఇందులో సంఘాల పత్రికలకు దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. సేకర్తలు వ్యాసాలను ఇష్టంగా చదువుతారు, కత్తిరించి దాచుకుంటారు, పాత సంచికలను వేలంలో పోటీపడి కొంటారు. అయితే ఒక వ్యాసానికని విడిగా డబ్బు చెల్లించడం మాత్రం ఎప్పుడూ అరుదే. ఆ సొమ్ము సభ్యత్వ రుసుములోనో, కొన్న నాణెం ధరలోనో, ఎవరో వేసిన ప్రకటన ఖర్చులోనో కలిసిపోయి ఉంటుంది. అమెరికా, బ్రిటన్, భారతదేశాల్లో ఈ ఏర్పాట్లు ఎలా పుట్టాయో, ఎలా మారాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

సంఘాలు, సభ్యత్వాలు

లండన్‌లో రాయల్ న్యూమిస్మాటిక్ సొసైటీగా తర్వాత పేరుపొందిన సంఘం 1836లో ఏర్పడింది. ఫ్రాన్స్‌లో ‘రెవ్యూ న్యూమిస్మాటిక్’ మొదలైందీ అదే ఏడాది. లండన్ సంఘం పత్రిక ‘న్యూమిస్మాటిక్ క్రానికల్’ 1838 నుంచి ఆ పేరుతో వెలువడుతోంది. ఏటా రుసుము కట్టి సభ్యులైతే సమావేశాలకు వెళ్లవచ్చు, గ్రంథాలయం వాడుకోవచ్చు, సంచిక ఇంటికి వస్తుంది. రుసుములో సంచిక వాటా ఎంత, గ్రంథాలయం వాటా ఎంత అని ఎవరూ లెక్క అడగలేదు. దూరాన ఉండి ఒక్క సమావేశానికీ వెళ్లలేని సభ్యులకు నిజానికి ఆ రుసుమంతా పత్రిక చందాయే.

అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ 1858లో న్యూయార్క్‌లో పుట్టింది. 1866లో అది మొదలుపెట్టిన ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూమిస్మాటిక్స్’ ఆ దేశంలో తొలి నాణేల పత్రిక. సామాన్య సేకర్తల పత్రిక మాత్రం ఇంకో దారిలో వచ్చింది. మిషిగన్ రాష్ట్రంలో మన్రో అనే చిన్న ఊరి వైద్యుడు జార్జ్ హీత్ 1888లో సొంతంగా ఒక చిన్న పత్రిక తెచ్చాడు. తర్వాత దాని పేరు ‘ది న్యూమిస్మాటిస్ట్’ అయింది. ఆ పత్రిక పాఠకులే 1891లో షికాగోలో కలుసుకుని అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ స్థాపించారు. మామూలుగా సంఘం ఏర్పడ్డాక దానికో పత్రిక వస్తుంది, ఇక్కడ పత్రిక వల్ల సంఘం ఏర్పడింది. 1908లో హీత్ చనిపోయాక పత్రిక ఫారన్ జెర్బ్ చేతికి వెళ్లింది. 1911లో మాంట్రియల్‌కు చెందిన విల్సన్ అనే సేకర్త దాన్ని కొని సంఘానికి కానుకగా ఇచ్చాడు. తర్వాత చాలాకాలం సభ్యత్వం, పత్రిక ఒకే రుసుములో ఉంటూ వచ్చాయి.

ఆ ఒకే రుసుమును ఈ మధ్య మళ్లీ విడదీశారు. అచ్చు సంచిక కావాలంటే ఒక రుసుము, తెరమీద చదివితే చాలనుకుంటే అంతకన్నా తక్కువ రుసుము. ఈ సంఘమే కాదు, చాలా సంఘాలు ఇదే పద్ధతికి వచ్చాయి. వెనకటి సభ్యులు ఎన్నడూ పట్టించుకోని విషయం, అంటే కాగితం, తపాలా కలిసి ఎంతవుతాయన్నది, ఈ రెండు రుసుముల మధ్య తేడాలో బయటపడింది.

డీలర్ల పత్రికలు, వేలం కేటలాగులు

లండన్‌లోని స్పింక్ సంస్థ 1892 డిసెంబరులో ఒక మాసపత్రిక మొదలుపెట్టింది. ‘న్యూమిస్మాటిక్ సర్క్యులర్’ అనే ఆ పత్రిక శతాబ్దానికి పైగా నడిచింది. అమ్మకానికి ఉన్న నాణేల జాబితా, ధరలు అందులో ముఖ్యం. జాబితా ముందు కొన్ని వ్యాసాలు, కొత్తగా దొరికిన నాణేల మీద చిన్న నోట్సు ఉండేవి. వ్యాసం పాఠకుణ్ణి జాబితా దాకా లాక్కెళ్లాలన్నది వ్యాపారి లెక్క. అయితే ఆ వ్యాసాలను పండితులు నేటికీ ఉదహరిస్తున్నారు. జాబితాలోని నాణేలు ఏ అల్మారాల్లోకి చేరాయో చెప్పడం కష్టం. వ్యాపార పత్రికలో నిజమైన పరిశోధన రావడం నాణేల రంగంలో వింతేమీ కాదు. కొత్త నాణెం ముందు చూసేది డీలరే, దాని గురించి ఏదో ఒకటి రాయకపోతే అమ్మలేనిదీ అతనే.

వేలం కేటలాగు కూడా ఇలాంటిదే. గొప్ప సేకరణ ఒకటి వేలానికి వచ్చినప్పుడు ప్రతి నాణెం బరువు, రకం, ఎవరి చేతులు మారి వచ్చిందన్న వంశావళి రాసి, ఫోటోలతో అచ్చు వేస్తారు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం దగ్గరున్న గారెట్ సేకరణను 1979–81 మధ్య అమ్మినప్పటి కేటలాగులు సేకర్తల అలమరాల్లో పుస్తకాలుగానే ఉంటాయి. క్రమం తప్పకుండా కొనేవారికి కేటలాగు ఉచితం, మిగతావారికి చందా. వేలం అయ్యాక ఏ నాణెం ఎంతకు పోయిందో చెప్పే ధరల కాగితం వేరేగా వచ్చేది. అది లేని పాత కేటలాగుకు విలువ తగ్గుతుంది.

ఇప్పుడు చాలా సంస్థలు కేటలాగును ఇంటర్‌నెట్‌లో ఉచితంగా పెడుతున్నాయి, అచ్చు ప్రతులు తగ్గించాయి. డబ్బు ఇచ్చేవారు మాత్రం మారలేదు. వేలంలో గెలిచినవారు పాట ధర మీద కట్టే కొనుగోలుదారు కమీషన్‌లోంచే ఆ రాత ఖర్చు వస్తుంది. వందమంది చదివే వర్ణనకు ఒకరు డబ్బు కడతారు.

వారపత్రికల కాలం

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని అయోలా చాలా చిన్న ఊరు. అక్కడి వడ్రంగి చెట్ క్రౌజ్‌కు చుట్టుపక్కల సేకర్తలు ఎవరూ దొరకలేదు. తపాలాలో అయినా నాణేలు మార్చుకోవచ్చని 1952లో ‘న్యూమిస్మాటిక్ న్యూస్’ మొదలుపెట్టాడు. తొలి సంచికల్లో ముఖ్యం చిన్న ప్రకటనలే. 1960 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రం సిడ్నీ నుంచి ఎమస్ ప్రెస్ ‘కాయిన్ వరల్డ్’ను వారపత్రికగా తెచ్చింది. నాణేల మోజు ముదిరిన రోజులవి, కొన్నేళ్లలోనే దాని చందాదార్లు లక్ష దాటారు.

అంతమంది వ్యాసాల కోసమే చేరారనుకోలేం. నాణెం ఎక్కడ దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది అన్నది వాళ్ల అవసరం. పేజీల నిండా డీలర్ల ప్రకటనలు, వాటి మధ్య వార్తలు, అడపాదడపా ఒక మంచి పరిశోధన. చందా సొమ్ము కన్నా ప్రకటనల రాబడే పత్రికకు ఆధారం. 1965 తర్వాత ఆ మోజు చల్లారింది. తర్వాతి దశాబ్దాల్లో ప్రకటనలు ఇంటర్‌నెట్ వేలాలకు వెళ్లిపోయాక వారపత్రికలు పలచబడ్డాయి, సంచికల మధ్య ఎడం పెరిగింది. అయోలా పత్రికలు కొన్న ఎఫ్‌ప్లస్‌డబ్ల్యూ సంస్థ 2019లో దివాలా పిటిషన్ వేసింది. ‘న్యూమిస్మాటిక్ న్యూస్’ ఇంకో సంస్థ చేతికి వెళ్లి బతికింది. అలాంటి సమయంలో ముందుగా చందా కట్టినవారి స్థితి సంస్థకు అప్పిచ్చినవారి స్థితే, అదీ హామీ లేని అప్పు.

ధర సమాచారానికి మాత్రం సేకర్తలు వెనకాడకుండా డబ్బు ఇస్తారు. విట్‌మన్ సంస్థ తెచ్చిన అమెరికా నాణేల ధరల పుస్తకం, అందరూ ‘రెడ్ బుక్’ అనేది, 1946 చివర్లో డాలరున్నరకు వచ్చింది. ఇప్పటికీ ఏటా వస్తుంది, మొత్తం ప్రతులు రెండు కోట్లు దాటాయి. 1963లో మొదలైన ‘గ్రేషీట్’ డీలర్ల మధ్య టోకు ధరలు చెప్పే కొద్ది పేజీల పట్టిక. వ్యాసాల పత్రికతో పోలిస్తే పేజీ లెక్కన దీని ధర చాలా ఎక్కువ. అయినా తెప్పించుకుంటారు, ఒక్క నాణెం బేరంలో ఏడాది చందా తిరిగొస్తుంది కాబట్టి. తర్వాత 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగు సంస్థలు వచ్చాయి. నాణేల స్థితిని నిర్ధారించి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇవ్వడం వాటి పని, అందుకు రుసుము తీసుకుంటాయి. ధరల పట్టికలను, వ్యాసాలను ఉచితంగా పెడతాయి. ధర సమాచారం అమ్ముకునే పత్రికలకు ఇదే పెద్ద దెబ్బ.

నాణెం కన్నా ముందు పుస్తకం కొనాలని న్యూయార్క్ డీలరు ఆరన్ ఫెల్డ్‌మన్ 1960లలో తన ప్రకటనల్లో చెప్పిన మాట సేకర్తల్లో నానుడి అయింది. అందరూ ఒప్పుకుంటారు. పాటించేవారు కొద్దిమంది.

జీవిత చందా

ఒకసారి పెద్ద మొత్తం కడితే జీవితాంతం పత్రిక ఇస్తామనే పద్ధతి నాణేల సంఘాల్లో అన్ని దేశాల్లోనూ ఉంది. తెలుగు సాహిత్య పత్రికలకూ ఇది పాత అలవాటే. సంఘం చేతికి వెంటనే డబ్బు వస్తుంది, సభ్యులకు ఏటా గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. కట్టిన మొత్తం మీద వడ్డీ స్థిరంగా ఉంటుంది, కాగితం ధర, తపాలా ధర ఏటేటా పెరుగుతాయి. ముప్పై ఏళ్ల వయసులో చేరి ఎనభై దాకా ఉన్న సభ్యులకు పంపే చివరి సంచికలకు వాళ్ల డబ్బు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కొత్త సభ్యుల రుసుముతో పాతవారికి సంచికలు పంపాల్సి వస్తుంది. అందుకే చాలా సంఘాలు జీవిత సభ్యత్వాన్ని వయసు బట్టి మార్చాయి, లేదా జీవిత సభ్యులకు డిజిటల్ ప్రతి ఇచ్చి అచ్చు కావాలంటే తపాలా ఖర్చు పెట్టుకోమన్నాయి. న్యాయంగా చూస్తే ఇది మాట తప్పడమే, ఖాతాపుస్తకం చూస్తే మాత్రం వేరే దారి కనబడదు.

భారతదేశంలో

ఇక్కడ నాణేల వ్యాసాలకు తొలి వేదిక కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రిక. 1904 నుంచి ఆ పత్రికతో పాటు నాణేల అనుబంధం ఒకటి వచ్చేది. 1910లో అలహాబాద్‌లో న్యూమిస్మాటిక్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. సొంత పత్రిక 1939లో గానీ మొదలు కాలేదు. ఇప్పుడు సంఘం కార్యాలయం వారణాసిలో, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఉంది. నాసిక్ దగ్గర అంజనేరిలో ఉన్న నాణేల పరిశోధన సంస్థకు పరమేశ్వరీలాల్ గుప్తా మూలపురుషుల్లో ఒకరు. అది ‘న్యూమిస్మాటిక్ డైజెస్ట్’ తెస్తుంది. దక్షిణ దేశపు నాణేలకు చెన్నై కేంద్రంగా మరో సంఘం ఏటా సంపుటాలు వేస్తూ వచ్చింది. వీటన్నిటికీ మూలం వార్షిక సభ్యత్వం, జీవిత సభ్యత్వం, గ్రంథాలయాల చందా. డబ్బు సమకూరనప్పుడు రెండు భాగాలు కలిపి ఒకే సంపుటంగా రావడం మామూలు.

డబ్బు పంపే తీరు కూడా ఈ కథలో భాగమే. దేశంలో అయితే ఒకప్పుడు మనియార్డరు, లేకుంటే వీపీపీ. పోస్ట్‌మన్ చేతిలో డబ్బు పెట్టి కట్ట తీసుకోవడం పల్లెటూరి పాఠకులకు ఎంతో అనువైన పద్ధతి, ఎందుకంటే వస్తువు చూశాకే డబ్బు. విదేశీ పత్రిక తెప్పించుకోవడం వేరే కథ. విదేశీ మారకద్రవ్యం మీద గట్టి ఆంక్షలున్న దశాబ్దాల్లో కొన్ని డాలర్ల చందా పంపాలన్నా బ్యాంకులో దరఖాస్తులు పెట్టుకోవాల్సిందే. యునెస్కో 1948లో ప్రవేశపెట్టిన పుస్తక కూపన్లు కొన్ని సంస్థలకు ఉపయోగపడ్డాయి. వ్యక్తులు మాత్రం విదేశాల్లో ఉన్న బంధువుల ద్వారానో, నాణేల మార్పిడి ద్వారానో నెట్టుకొచ్చేవారు. చందా బదులు నాణేలు పంపడం సేకర్తలకే సాధ్యమైన వస్తుమార్పిడి.

ఈ చిక్కును తెలివిగా దాటిన సంఘం ఓరియంటల్ న్యూమిస్మాటిక్ సొసైటీ. 1970లో మొదలైన ఈ సంఘం ఇస్లామిక్, భారతీయ, తూర్పు ఆసియా నాణేల మీద చిన్న సంచికలు తెచ్చింది, తర్వాత అవి పూర్తి స్థాయి జర్నల్ అయ్యాయి. ఒక్కో ప్రాంతానికి ఒక ప్రతినిధి ఉండి, అక్కడి సభ్యుల దగ్గర అక్కడి డబ్బులోనే రుసుము తీసుకునే పద్ధతి పెట్టింది. పాత సంచికలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. కుతుబ్‌షాహీ, అసఫ్‌జాహీ నాణేల మీద ఆసక్తి ఉన్నవారు ముందుగా తిరగేయాల్సిన సంచికలివి.

కార్డుతో ఏటా దానంతటదే చందా కట్టే సౌకర్యం వచ్చాక కష్టాలు తీరాయనుకున్నారు. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అలాంటి పదేపదే చెల్లింపులకు ముందస్తు కబురు, అదనపు ధ్రువీకరణ తప్పనిసరి అయ్యాయి. మోసాల నుంచి కాపాడే మంచి నిబంధనే. కానీ దానికి తగిన ఏర్పాటు లేని చిన్న విదేశీ సంఘాల చందాలు అలా ఆగిపోయే వీలుంది. దేశం లోపల యూపీఐ వచ్చాక దేశీయ సంఘాలకు మాత్రం రుసుము కట్టడం అరనిమిషం పని.

తెలుగు సేకర్తలు

కరీంనగర్ ప్రాంతంలోని కోటిలింగాలలో దొరికిన గోబద, సమగోప, సిముక నాణేలు శాతవాహన చరిత్రనే తిరగరాశాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు వాటిని వెలుగులోకి తెచ్చారు. ఆ చర్చ ఎక్కువగా ఆంగ్ల సంచికల్లో జరిగింది. 1922లో రాజమండ్రిలో పుట్టిన ఆంధ్ర చరిత్ర పరిశోధక మండలి పత్రిక కూడా ఇంగ్లీషుదే. మారేమండ రామారావు హైదరాబాద్ మ్యూజియంలోని శాతవాహన నాణేల మీద తయారుచేసిన కేటలాగును 1961లో ప్రభుత్వం ప్రచురించింది, అదీ ఇంగ్లీషులోనే. తెలుగు సేకర్తలు ఇంగ్లీషు చదివి, తెలుగులో మాట్లాడుకుంటారు.

ఆ మాటల స్థలాన్ని ఇప్పుడు వీడియోలు ఆక్రమించాయి. పాత అయిదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామనే రకం ఉచిత సమాచారం తెలుగులో ధారాళంగా దొరుకుతుంది. తన పేరు వాడుకుని పాత నాణేలు, నోట్ల కొనుగోలుకు రుసుములు, కమీషన్లు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన చేయాల్సి వచ్చింది. సంఘానికి వార్షిక రుసుము దండగ అనుకున్నవారే ఆ ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ కట్టి మోసపోవడం జరుగుతోంది. శాసనాల మీద, గ్రామ చరిత్రల మీద తెలుగులో ఓపిగ్గా రాసిన తరం ఒకటి ఉంది. నాణేల మీద అలాంటి క్రమమైన తెలుగు పత్రిక నిలదొక్కుకుంటే దానికి చందా కట్టేవారు దొరకరని నేను అనుకోను.

కాగితమా, తెరా

అచ్చు సంచికను ఇష్టపడటం వట్టి పాతవాసన కాదు, దానికి పనికి సంబంధించిన కారణం ఉంది. మంచి నాణేల పత్రికలో ఫోటోలు నాణెం అసలు పరిమాణంలో ఉంటాయి. చేతిలోని నాణెం పేజీ మీద పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అదే అచ్చు, అదే మూస అయితే అక్షరాల మధ్య ఎడం దాకా సరిపోతుంది. వెనకటి పత్రికలు నాణేల బదులు వాటి ప్లాస్టర్ అచ్చులను ఫోటో తీసేవి. లోహపు మెరుపు లేకుండా అన్నిటి మీదా ఒకే వెలుగు పడుతుందని. తెర మీద బొమ్మను ఎంతైనా పెద్దది చేయవచ్చు గానీ అసలు పరిమాణం ఎంతో తెలియదు.

పీడీఎఫ్‌కు ఉన్న బలం వెతుకులాట. వంద సంపుటాల్లో ‘సిముక’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో క్షణంలో తెలుస్తుంది, అందుకే పరిశోధకులు అటు మొగ్గారు. విదేశాల్లో ఉండే సభ్యులూ అంతే, తపాలా ఖర్చు చందాను మించిపోయే చోట ఇంకో దారి లేదు. చాలామంది రెండూ కావాలంటారు: కొత్త సంచిక కాగితం మీద, పాతవి కంప్యూటర్లో. ఇంకో సంగతి బయటికి పెద్దగా చెప్పుకోరు. నాణేల పత్రిక పేరు అచ్చువేసిన కవరు ఇంటికి వస్తే ఆ ఇంట్లో ఏముందో దారిలో అందరికీ తెలుస్తుంది. అందుకే పేరు లేని కవరు, పోస్టుబాక్సు చిరునామా కోరుకునేవారు ఉన్నారు. డీలర్లు నాణేల కట్టల మీద ‘నాణేలు’ అన్న మాట రాయకపోవడం ఎప్పటి నుంచో ఉన్న జాగ్రత్త.

ఉచిత భాండాగారాలు

సెయింట్ లూయిస్ నగరానికి చెందిన ఎరిక్ న్యూమన్ 2017లో 106 ఏళ్ల వయసులో మరణించాడు. తన సేకరణను వేలం వేయించి వచ్చిన సొమ్ములో కొంత నాణేల సాహిత్యం డిజిటల్ చేయడానికి ఇచ్చాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంతో కలిసి 2014లో మొదలైన న్యూమన్ న్యూమిస్మాటిక్ పోర్టల్‌లో కేటలాగులు, పాత పత్రికలు, డీలర్ల ఉత్తరాలు ఎవరైనా చదువుకోవచ్చు. నాణేలు అమ్మగా వచ్చిన డబ్బు నాణేల వ్యాసాలకు వెళ్లడం ఇక్కడ బాహాటంగానే జరిగింది.

బ్రిటిష్ న్యూమిస్మాటిక్ సొసైటీ తన పాత సంపుటాలను ఉచితంగా పెట్టింది. ఇటీవలివి మాత్రం సభ్యులకే. కొన్నేళ్లు ఆగినవారికి ఉచితం, ఆగలేనివారు రుసుము కట్టాలన్న ఈ రాజీ చాలా సంఘాలకు నచ్చింది. ‘న్యూమిస్మాటిక్ బిబ్లియోమేనియా సొసైటీ’ ఇంకో రకంగా చేసింది. నాణేల పుస్తకాలంటే పిచ్చి ఉన్నవారి సంఘమిది. 1980 నుంచి వస్తున్న అచ్చు పత్రిక సభ్యులకు. 1998లో మొదలైన వారం వారం వార్తల లేఖ అందరికీ ఉచితం. లేఖ చదివి అలవాటుపడినవారిలో కొందరు సభ్యులవుతారు, మిగతావారు సంఘం పేరును వ్యాపింపజేస్తారు.

ఒక్క వ్యాసం ధర

విశ్వవిద్యాలయ పత్రికల పంథాలో ఒక్కో వ్యాసాన్ని విడిగా అమ్మే పద్ధతి నాణేల రంగంలోకీ వచ్చింది. జేస్టోర్ వంటి డిజిటల్ గ్రంథాలయాల్లో ‘న్యూమిస్మాటిక్ క్రానికల్’ సంపుటాలు ఉన్నాయి. సొంతంగా ఖాతా తెరిచినవారికి అక్కడ నెలకు కొన్ని వ్యాసాలు ఉచితంగా తెరమీద చదివే వీలుంది. ఈ వెసులుబాటు లేనప్పుడు ఆరేడు పేజీల వ్యాసానికి అడిగే ధర చూసి సేకర్తలు వెనక్కి తగ్గుతారు. ఆ డబ్బుకు ఒక చిన్న రాగి నాణెం వస్తుందన్న లెక్క వాళ్ల మనసులో ఎప్పుడూ ఉంటుంది. వ్యాసం తమకు కావలసిందో కాదో చదివితే గానీ తెలియదన్నది రెండో అడ్డంకి. సంచిక అయితే ఒక వ్యాసం నచ్చకపోయినా ఇంకోటి ఉంటుంది.

విడి వ్యాసానికి వెనకటి రూపం ఆఫ్‌ప్రింటు. పండిత పత్రికలు రచయితకు పారితోషికం ఇవ్వవు, బదులుగా అతని వ్యాసం మాత్రమే విడిగా కుట్టిన ప్రతులు కొన్ని ఇచ్చేవి. రచయిత వాటిని తోటివారికి పంపేవాడు, వాళ్లూ తమవి పంపేవారు. డబ్బు చేతులు మారని ఈ చెలామణీలో సంతకం చేసిన ఆఫ్‌ప్రింట్లు ఇప్పుడు వేలంలో అమ్ముడుపోతున్నాయి. నాణేల పుస్తకాలను మాత్రమే అమ్మే డీలర్లు, జార్జ్ కోల్బే లాంటివారు, 1970ల నుంచి వాటి కోసం ప్రత్యేక వేలాలు నడిపారు. వారపత్రికలు మాత్రం రచయితలకు పారితోషికం ఇచ్చేవి, అది ప్రకటనల డబ్బు. ఆఫ్‌ప్రింటు స్థానంలో ఇప్పుడు రచయిత ఈమెయిల్‌కు జతచేసే పీడీఎఫ్ వచ్చింది. మీ వ్యాసం ఒక ప్రతి పంపుతారా అని రెండు ముక్కలు రాస్తే, ధర పెట్టిన తలుపు పక్కనుంచే చాలాసార్లు అది ఉచితంగా వచ్చి చేరుతుంది.